నూరిన దాన్నే మళ్ళీ నూరుతున్నామా? ఇనుప ఖనిజం మిల్లుల సామర్థ్యం గురించి

(ఖనిజ శుద్ధి ప్లాంట్ల ఇంజినీర్లు, ఆపరేటర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఆపరేటర్లు కూర్చున్నారు, వెనుక ఇంజినీర్లు ఉన్నారు. చాలా సంతోషం. ఈరోజు చెప్పబోయే దానిలో సగానికి పైగా ఆపరేటర్ల చేతిలో ఉన్న విషయమే.

ఒక ప్రశ్న అడుగుతాను. మీ మిల్లు, అంటే ఉక్కు బంతులతో ఖనిజాన్ని నూరే ఆ తిరిగే డ్రమ్ము, బాగా నడుస్తోందా అని ఎవరైనా అడిగితే ఏం చూసి జవాబు చెబుతారు? చెప్పండి. టన్నులు అంటున్నారు ఒకరు. మోటారు కిలోవాట్లు అంటున్నారు ఇంకొకరు. టన్నుకు ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చయిందో చూస్తాం అంటున్నారు అక్కడ. మూడూ చూడవలసినవే. కానీ ఆ మూడు అంకెలూ చేతిలో ఉన్నా మిల్లు బాగా నడుస్తోందో లేదో తెలియదు. ఎందుకో బోర్డు మీద రాసి చూపిస్తాను. వెనుక ఉన్నవారికి కనిపిస్తోంది కదా?

రెండు షిఫ్టులు అనుకోండి. రెండింటిలోనూ మోటారు 3,600 కిలోవాట్లే తీసుకుంటోంది. మొదటి షిఫ్టు గంటకు 300 టన్నులు నడిపింది. అంటే టన్నుకు 12 యూనిట్లు. రెండో షిఫ్టు 270 టన్నులు నడిపింది. టన్నుకు 13.3 యూనిట్లు. రేపు పొద్దున మీటింగులో ఏ షిఫ్టును మెచ్చుకుంటారు? మొదటి షిఫ్టునే కదా.

ఇప్పుడు ఇంకో అంకె కలుపుదాం. మిల్లుకు వచ్చే ఫీడ్‌లో, అంటే నూరడానికి వేసే ఖనిజంలో, 15 శాతం ముందే 75 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) కంటే సన్నగా ఉంది. మొదటి షిఫ్టు ఉత్పత్తిలో 75 మైక్రాన్ల కంటే సన్నది 60 శాతం. రెండో షిఫ్టులో 70 శాతం. మరి మిల్లు కొత్తగా తయారు చేసిన సన్న పదార్థం ఎంత? మొదటి షిఫ్టులో 300 టన్నుల్లో 45 శాతం, అంటే గంటకు 135 టన్నులు. రెండో షిఫ్టులో 270 టన్నుల్లో 55 శాతం, అంటే 148.5 టన్నులు. కరెంటును దీనితో భాగించండి. మొదటిది 26.7 యూనిట్లు, రెండోది 24.2 యూనిట్లు. మెచ్చుకోవలసింది రెండో షిఫ్టును. మనం మొదటి షిఫ్టును మెచ్చుకున్నాం. మెచ్చుకుంటే ఏమవుతుంది? రెండో షిఫ్టు వాళ్ళు కూడా రేపటి నుంచి టన్నులు పెంచి గరుకుగా పంపుతారు. నష్టం మిల్లు దగ్గర కనిపించదు. తర్వాత ఇనుమును వేరుచేసే సెపరేటర్ దగ్గరో, పారేసే టైలింగ్స్‌లోనో, శుద్ధి అయి వచ్చే కాన్సంట్రేట్‌లో పెరిగిన సిలికాలో, అంటే పనికిరాని రాతి భాగంలోనో బయటపడుతుంది. అప్పుడు తప్పు సెపరేటర్ వాళ్ళ మీద పడుతుంది.

కాబట్టి రాసుకోండి. కొత్తగా తయారైన సన్న పదార్థం టన్నుకు ఎన్ని యూనిట్లు? ఇదీ మనం చూడవలసిన లెక్క. 75 మైక్రాన్లు తీసుకుంటారా, 45 తీసుకుంటారా అన్నది మీ ఖనిజాన్ని బట్టి ఉంటుంది. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి.

అసలు ఇనుప ఖనిజాన్ని ఎందుకు నూరుతాం? కొత్తగా చేరినవారి కోసం చెబుతున్నాను, మిగతావారు ఓపిక పట్టండి. శుద్ధ హెమటైట్‌లో ఇనుము 69.9 శాతం, మాగ్నటైట్‌లో 72.4 శాతం. గని నుంచి వచ్చే రాయిలో అవి సిలికాతో అల్లుకుని ఉంటాయి. గ్రేడు బాగా ఉన్న ఖనిజాన్ని పగలగొట్టి, కడిగి, జల్లెడ పట్టి అమ్మేయవచ్చు. దానికి మిల్లే అక్కర్లేదు. గ్రేడు తక్కువగా ఉండి, రేణువులు సన్నగా అల్లుకుని ఉన్నప్పుడే మిల్లు అవసరం. ఇనుప రేణువు ఒకవైపు, సిలికా రేణువు ఒకవైపు విడిపోయేదాకా నూరాలి. అంతవరకే. విడిపోయిన తర్వాత తిప్పే ప్రతి చుట్టూ దండగ.

ఈ 'అంతవరకే' అన్నది ఎంత ఖరీదైన మాటో చూడండి. 1952లో ఫ్రెడ్ బాండ్ ఇచ్చిన సూత్రం మీ అందరికీ తెలుసు. నూరడానికి పట్టే శక్తి, రేణువు పరిమాణపు వర్గమూలానికి విలోమంగా ఉంటుందన్నాడు. వర్క్ ఇండెక్స్, అంటే ఖనిజం నూరడానికి ఎంత గట్టిదో చెప్పే అంకె, 12 ఉన్న ఖనిజం తీసుకుందాం. ఫీడ్‌లో 80 శాతం 2,000 మైక్రాన్ల జల్లెడ దాటుతోంది. ఉత్పత్తిలో 80 శాతం 75 మైక్రాన్లు దాటేలా నూరితే టన్నుకు 11.2 యూనిట్లు. 45 మైక్రాన్లు దాటేలా నూరితే 15.2. 30 మైక్రాన్లకు 19.2. నిజానికి ఇంత సన్నదనంలో ఈ సూత్రం తక్కువే చెబుతుంది, మామూలు బాల్ మిల్లు ఇంకా ఎక్కువ తింటుంది. అంటే చివరి కొద్ది మైక్రాన్లే అసలు ఖర్చు. పశ్చిమ ఆస్ట్రేలియాలో సైనో ఐరన్ గని ఉంది. అక్కడ మాగ్నటైట్ చాలా సన్నగా అల్లుకుని ఉంటుంది. వాళ్ళ ప్రాథమిక మిల్లుల వ్యాసం 12.2 మీటర్లు, ఒక్కో మిల్లు మోటారు 28 మెగావాట్లు. తర్వాత మళ్ళీ బాల్ మిల్లులు. రాయి ఎలా అల్లుకుని ఉందన్న దాన్ని బట్టి ఖర్చు ఎక్కడికి పోతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

అందుకే మిల్లు లోపలికి పోకముందు మీరు మిల్లు బయట చూడాలి. మిల్లు బయట. ఈ మాట మళ్ళీ మళ్ళీ చెబుతాను. సామర్థ్యం అనగానే అందరూ బంతుల సైజు, మిల్లు లోపలి గోడకు తొడిగే లైనర్లు, వేగం అంటూ మొదలుపెడతారు. అవి కావాలి, వాటి దగ్గరికి వస్తాను. కానీ నేను చూసిన చాలా సర్క్యూట్లలో, అంటే మిల్లూ దానితో కలిసి నడిచే యంత్రాల వరుసల్లో, పెద్ద నష్టం సైక్లోన్ల దగ్గరే జరుగుతోంది. సైక్లోన్ అంటే మిల్లు నుంచి నీటితో వచ్చిన ఖనిజాన్ని సుడి తిప్పి, సన్నదాన్ని పైనుంచి ఓవర్‌ఫ్లోగా బయటికీ, గరుకుదాన్ని కిందినుంచి అండర్‌ఫ్లోగా మళ్ళీ మిల్లుకూ పంపే యంత్రం. విడిపోయిన ఇనుప రేణువును మళ్ళీ మిల్లులోకి పంపిస్తున్నాం. ఉతికిన బట్టల్లోంచి బాగా తెల్లబడిన వాటిని ఏరి మళ్ళీ ఉతకడానికి వేసినట్టుంటుంది ఈ పని.

ఎలా జరుగుతోంది ఇది? సైక్లోన్ రేణువును పరిమాణం చూసి మాత్రమే వేరు చేయదు. బరువు కూడా చూస్తుంది. మాగ్నటైట్ సాంద్రత 5.2. క్వార్ట్జ్ 2.65. నీటిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటి తగ్గించండి. 4.2, 1.65. వీటి నిష్పత్తికి వర్గమూలం తీయండి. దాదాపు 1.6 వస్తుంది. అర్థం ఏమిటి? 50 మైక్రాన్ల మాగ్నటైట్ రేణువు, 80 మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువు నీటిలో ఒకే వేగంతో దిగుతాయి. సైక్లోన్ లోపల లెక్క ఇంత సూటిగా ఉండదు, అయినా జరిగేది ఇదే. సైక్లోన్ కళ్ళకు ఆ రెండూ ఒకటే. ఇనుప రేణువు సన్నబడి, విడిపోయి, బయటికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నా బరువు వల్ల కిందికి దిగి అండర్‌ఫ్లోలో పడి మిల్లుకు తిరిగి పోతుంది. సిలికా రేణువు, ఇనుమును ఇంకా అంటిపెట్టుకుని ఉన్న గరుకు రేణువు తేలికగా ఉండి ఓవర్‌ఫ్లోలోకి ఎగిరిపోతాయి. చూశారా? నూరవలసినది బయటికి పోతోంది. నూరనక్కర్లేనిది లోపలికి వస్తోంది.

ఇది నమ్మకపోతే మీరే చూడండి. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. అండర్‌ఫ్లో నుంచి, ఓవర్‌ఫ్లో నుంచి నమూనాలు తీయండి. రెండింటినీ 45 మైక్రాన్ల జల్లెడ మీద నీటితో నిదానంగా కడగండి, కిందికి వచ్చే నీరు తేటపడేదాకా. జల్లెడ దాటిన సన్న పదార్థాన్ని ఎండబెట్టండి. అండర్‌ఫ్లోలో వచ్చిన పొడి నల్లగా, చేతిలో పెట్టుకుంటే చిన్న కుప్పే అయినా బరువుగా ఉంటుంది. మాగ్నటైట్ అయితే అయస్కాంతం దగ్గర పెట్టగానే లేచి అంటుకుంటుంది. ఓవర్‌ఫ్లో పొడి రంగు తేలికగా ఉంటుంది. రెండింటినీ ల్యాబుకు పంపి ఇనుము శాతం తెప్పించండి. ఒకే జల్లెడ దాటిన రెండు పొడులు, ఒకే ఖనిజం. అయినా అండర్‌ఫ్లో పొడిలో ఇనుము ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఎంత ఉంటే మీరు నూరిన దాన్ని అంతగా మళ్ళీ నూరుతున్నట్టు. ప్రతి మూడు నెలలకు ఒకసారి ఈ పరీక్ష చేయించండి అని ఎక్కడికి వెళ్ళినా అడుగుతాను.

అతిగా నూరితే పోయేది కరెంటు ఒక్కటే అనుకోకండి. 10 మైక్రాన్ల కంటే సన్నబడిన హెమటైట్‌ను, బరువును బట్టి వేరుచేసే స్పైరల్స్ పట్టుకోలేవు. రసాయనాలతో, గాలి బుడగలతో వేరుచేసే ఫ్లోటేషన్‌లో ఆ సన్న పొడి రసాయనాలు మింగేస్తుంది. అతి సన్న బురదను తీసేసే డీస్లైమింగ్‌లో నేరుగా టైలింగ్స్‌లోకి పోతుంది. పోగా మిగిలినది ఫిల్టర్ దగ్గర తేమ వదలదు. టైలింగ్స్‌లోని నీటిని వేరుచేసే థిక్నర్‌లో నీరు తేటపడదు. గనిలో తవ్వి, మోసి, పగలగొట్టి, నూరిన ఇనుమును మన చేతులతో మనమే చెరువులో పోస్తున్నాం. ఈ విషయం మాట్లాడేటప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఒక ప్రశ్న వస్తోంది వెనుక నుంచి. సైక్లోన్లు తీసేసి జల్లెడలు పెట్టేయాలా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. జల్లెడ బరువు చూడదు, పరిమాణమే చూస్తుంది. అందుకే సన్న జల్లెడలు ఇనుప ఖనిజానికి బాగా నప్పుతాయి. అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని టాకొనైట్ (తక్కువ గ్రేడు ఇనుప రాయి) ప్లాంట్లు ఈ దారిలో ఎప్పుడో నడిచాయి. కాన్సంట్రేట్‌ను సన్న జల్లెడ మీద పోస్తే, పైన మిగిలేది ఎక్కువగా సిలికా అంటుకున్న రేణువులే. వాటిని మాత్రమే మళ్ళీ మిల్లుకు పంపుతారు. సిలికా తగ్గుతుంది, మిల్లు మీద భారం కూడా తగ్గుతుంది. అయితే జల్లెడలకు చోటు కావాలి, ప్యానెళ్ళు అరుగుతాయి, చిరుగుతాయి, కన్నాలు మూసుకుపోతాయి. వాటిని రోజూ చూసే మనిషి కావాలి. ఆ మనిషిని పెట్టలేని చోట జల్లెడలు పెట్టమని నేను చెప్పను. పెట్టగలిగితే మాత్రం మాగ్నటైట్ సర్క్యూట్‌లో ఇంతకంటే మంచి పెట్టుబడి అరుదు.

మాగ్నటైట్ వాళ్ళకు ఇంకో మాట. అయస్కాంత సెపరేటర్ నుంచి వచ్చిన రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి. ఆ ముద్దలు సైక్లోన్‌కు పెద్ద రేణువుల్లా కనిపిస్తాయి, మళ్ళీ అండర్‌ఫ్లోలోకి పోతాయి. అందుకే మధ్యలో పైపు చుట్టూ డీమాగ్నటైజింగ్ కాయిల్ పెడతారు. మీ ప్లాంటులో ఉందా? ఉంటే అది పనిచేస్తోందా? చివరిసారి ఎవరు చూశారు? ఈ ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పగలిగినవారు చేతులెత్తండి. సరే, ఎత్తనివారు తిరిగి వెళ్ళగానే మొదట అది చూడండి.

సైక్లోన్లే ఉన్నవారు సైక్లోన్లను బాగా నడపాలి. రోజూ చూడవలసింది అండర్‌ఫ్లో ఎలా పడుతోందన్నది. విచ్చుకుని పడాలి. తాడులా చుట్టుకుని పడుతోందంటే కింది రంధ్రం చాలడం లేదు, గరుకు పదార్థం పైకి పోతోంది. అరిగి మరీ పెద్దదైతే నీరు ఎక్కువగా కిందికి దిగుతుంది, ఆ నీటితోపాటు సన్న రేణువులు కూడా మిల్లుకు వెళతాయి. పైగా కొలవకుండా నడపకండి. సర్క్యులేటింగ్ లోడ్ లెక్క చాలా తేలిక. ఒక జల్లెడ తీసుకోండి. సైక్లోన్ ఫీడ్‌లో 35 శాతం, ఓవర్‌ఫ్లోలో 80 శాతం, అండర్‌ఫ్లోలో 20 శాతం ఆ జల్లెడ దాటాయనుకోండి. 80 లోంచి 35 పోతే 45. 35 లోంచి 20 పోతే 15. 45ను 15తో భాగిస్తే 3. అంటే 300 శాతం. కొత్తగా వచ్చిన ప్రతి టన్నుకూ మూడు టన్నులు తిరుగుతున్నాయి. ఇది దానంతట అది చెడ్డ అంకె కాదు. తిరిగే భారం బాగా ఉంటే రేణువు మిల్లులో తక్కువ సేపు ఉంటుంది, అతిగా నలగదు. చెడ్డది ఏమిటంటే, ఆ తిరిగే మూడు టన్నుల్లో ఇప్పటికే సన్నబడినది ఎక్కువగా ఉండటం. ఈ ఉదాహరణలో 20 శాతం ఉంది. ఆ 20ని తగ్గించడమే మీ పని.

మిల్లు బయట చూడవలసిన ఇంకొకటి, అసలు లోపలికి పంపకుండానే పారేయగలిగినది ఉందా అన్నది. మాగ్నటైట్‌కు ఇది పెద్ద వరం. మిల్లీమీటరు సైజులోనే తక్కువ శక్తి అయస్కాంత డ్రమ్ము మీద పంపితే, ఇనుము దాదాపు లేని రేణువులు అక్కడే రాలిపోతాయి. దీన్నే కాబింగ్ అంటాం. కొన్ని ఖనిజాల్లో మూడో వంతు బరువు అక్కడే పోతుంది. పోయినదాన్ని సన్నగా నూరే ఖర్చు ఉండదు. బంతులు అరగవు, లైనర్లు అరగవు. టన్నుకు 15 యూనిట్లు పెట్టి సిలికాను 45 మైక్రాన్లకు నూరి, ఆ తర్వాత పారేయడంలో ఏమైనా అర్థం ఉందా? హెమటైట్‌లో ఇంత తేలిక కాదు, దానికి అయస్కాంత గుణం బలహీనం. అక్కడ గరుకుగా ఉన్నప్పుడే నీటి కుదుపుతో బరువును బట్టి వేరుచేసే జిగ్గులు, స్పైరల్స్, బలమైన అయస్కాంత యంత్రాలు ప్రయత్నించాలి. ఖనిజం ఒప్పుకోకపోతే బలవంతం చేయకూడదు, పారేసిన రాయిలో ఇనుము పోతుంది. ఆ రాయిని కూడా ల్యాబుకు పంపిస్తూ ఉండండి.

సరే, ఇప్పుడు మిల్లు లోపలికి వెళదాం.

మొదట నీరు. బంతుల గురించి మాట్లాడినంతగా నీటి గురించి ఎవరూ మాట్లాడరు. స్లరీ (నీటిలో కలిసిన ఖనిజం) చిక్కదనం 75 శాతం పెట్టమని ఎవరో చెప్పారు, మనం 75 పెట్టాం. అది బరువులో శాతం. బంతి మీద పూత ఎలా పడుతుందన్నది మాత్రం స్లరీలో రేణువులు ఎంత చోటు ఆక్రమించాయన్న దాని మీద ఆధారపడుతుంది. లెక్క చూద్దాం. సాంద్రత 2.7 ఉన్న మామూలు రాయి 75 శాతం బరువుంటే, స్లరీ పరిమాణంలో 53 శాతం రాయి. సాంద్రత 4 ఉన్న ఇనుప ఖనిజం అదే 75 శాతం ఉంటే, పరిమాణంలో 43 శాతమే. పది శాతం తేడా! అంటే వేరే ఖనిజం కోసం చెప్పిన అంకె తెచ్చి ఇనుప ఖనిజానికి వాడితే స్లరీ పలచనై, రేణువులు బంతుల మధ్య నిలవకుండా జారిపోతాయి. బంతి బంతిని కొట్టుకుంటుంది. బంతి ఉక్కూ లైనరు ఉక్కూ అరుగుతాయి, ఖనిజం నలగదు. అలాగని మరీ చిక్కగా పెడితే, ముఖ్యంగా బంకమన్ను ఉన్న హెమటైట్‌లో, స్లరీ జిగురుగా మారి దెబ్బను మింగేస్తుంది. మిల్లు ఆపినప్పుడు బంతి చేతిలోకి తీసుకుని చూడండి. పలచని పూత సమంగా పట్టి ఉండాలి. మెరుస్తూ నున్నగా ఉంటే నీరు ఎక్కువైంది. మందంగా అట్టకట్టి ఉంటే తక్కువైంది. ఖనిజం మారినప్పుడల్లా ఈ అంకెను మళ్ళీ చూడాలి.

ఇక బంతులు. 60 మిల్లీమీటర్ల బంతి దాదాపు 880 గ్రాములు. 30 మిల్లీమీటర్ల బంతి 110 గ్రాములు. టన్ను బరువుకు పెద్దవి సుమారు 1,130 వస్తే చిన్నవి తొమ్మిది వేలు దాటుతాయి. ఉపరితలం రెట్టింపు. సన్నగా నూరే పని ఉపరితలంతో జరుగుతుంది, గరుకు రాయి పగలడం బరువైన దెబ్బతో జరుగుతుంది. అందువల్ల ఫీడ్‌లో అతి గరుకు రేణువును పగలగొట్టడానికి సరిపోయేంత పెద్ద బంతి చాలు, అంతకు మించి వద్దు. కాన్సంట్రేట్‌ను రెండోసారి నూరే మిల్లులో కూడా మొదటి మిల్లు బంతులే వేస్తున్న ప్లాంట్లు ఉన్నాయి. స్టోర్సులో ఒకే సైజు ఉంటే సులువు అని. ఆ సులువు కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

ఎన్ని బంతులు ఉన్నాయో కూడా కొలవండి, ఊహించకండి. మిల్లును ఆపి, లోపలి ఖనిజాన్ని నూరించేసి, భద్రతా నియమాల ప్రకారం కరెంటు తీసి తాళం వేసి, గాలి పరీక్ష చేసి, అనుమతి ఉన్నవారు మాత్రమే లోపలికి వెళ్ళాలి. పై లైనరు నుంచి బంతుల ఉపరితలం దాకా ఎత్తు కొలవండి. ఆ ఎత్తును లోపలి వ్యాసంతో భాగించి, 126తో గుణించి, 113లోంచి తీసేయండి. వ్యాసం 5 మీటర్లు, ఎత్తు 3.2 మీటర్లు అయితే 32.4 శాతం వస్తుంది. ఓవర్‌ఫ్లో మిల్లుకు, అంటే చివరి నుంచి స్లరీ పొర్లి బయటికి వచ్చే మిల్లుకు, 30 నుంచి 35 మామూలే. బంతులు పెంచితే మోటారు తీసుకునే కరెంటు పెరుగుతుంది, దాదాపు 45 శాతం నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది. అలా పెరిగిన కరెంటు సన్న పదార్థంగా మారుతోందా? మొదట రాసుకున్న లెక్క అక్కడ పనికొస్తుంది. మిల్లుకు ఇంకా ఖాళీ ఉండి, గని నుంచి ఫీడ్ చాలని రోజుల్లో బంతులు తగ్గించడమే మంచిది.

దీనికి సంబంధించిందే ఇంకో విషయం, ఆపరేటర్లు బాగా వినండి. బాల్ మిల్లు మోటారు ముఖ్యంగా మోసేది బంతులను. ఫీడ్ సగానికి పడిపోయినా అది దాదాపు అంతే కరెంటు తీసుకుంటుంది. కన్వేయర్ మీద ఫీడ్ తెగిపోయి పదిహేను నిమిషాలు మిల్లు వట్టిగా తిరిగితే, ఆ పదిహేను నిమిషాల కరెంటు మొత్తం లైనర్లను కొట్టడానికే పోయింది. మోత మారుతుంది, మీకు తెలుసు, గలగలమని లోహం శబ్దం వస్తుంది. ఫీడ్ నిలకడగా ఉండటం కంటే చవకైన మెరుగుదల లేదు.

దీనికి ఎదురు ప్రమాదం మిల్లు నిండిపోవడం. మిల్లు నిండుతుంటే కరెంటు పెరగాలని అనుకుంటాం. ఒక దశ దాటాక తగ్గుతుంది. కరెంటు తగ్గుతోంది కదా, ఇంకా చోటుందని ఫీడ్ పెంచితే మిల్లు మునిగిపోతుంది. కరెంటు ఒక్కదాన్నే చూడకండి. మోత మొద్దుబారిందా, బేరింగ్ ఒత్తిడి పెరుగుతోందా, సైక్లోన్ పంపు సంపులో మట్టం ఎటు వెళుతోంది, ఇవన్నీ కలిపి చూడండి.

వేగం గురించి తొందరగా చెప్పేస్తాను. బంతులు గోడకు అంటుకుని తిరిగే వేగాన్ని క్రిటికల్ స్పీడ్ అంటాం. 42.3ను మీటర్లలో వ్యాసపు వర్గమూలంతో భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. 5 మీటర్లకు 18.9. అందులో 70 నుంచి 78 శాతం దగ్గర చాలా మిల్లులు నడుస్తాయి. వేగం మార్చే వీలున్న డ్రైవ్ ఉన్నవారు లైనర్లు కొత్తగా ఉన్నప్పుడు వేగం కొంచెం తగ్గించాలి. లైనరు మీద బంతిని పైకెత్తే లిఫ్టరు కొత్తగా ఉన్నప్పుడు నిటారుగా ఉంటుంది, బంతిని ఎక్కువ ఎత్తుకు విసురుతుంది. బంతి ఖనిజం మీద పడకుండా ఎదుటి లైనరు మీద పడితే లైనరు పగులుతుంది, బంతీ పగులుతుంది. సన్నగా నూరే మాగ్నటైట్ మిల్లుల్లో అయస్కాంత లైనర్లు కూడా వాడుతున్నారు. అవి బంతి ముక్కలనూ మాగ్నటైట్‌నూ తమ మీదే పొరగా పట్టుకుని ఆ పొరతోనే రక్షణ పొందుతాయి. పెద్ద బంతులు వేసే మిల్లుకు అవి నప్పవు.

కొత్త యంత్రాల గురించి అడుగుతారని తెలుసు. హెచ్‌పీజీఆర్, అంటే రెండు రోలర్ల మధ్య ఎక్కువ ఒత్తిడితో నలిపే యంత్రం. జర్మనీ ప్రొఫెసర్ క్లాస్ షోనెర్ట్ ఆలోచన అది. 1985 ప్రాంతంలో సిమెంటులో మొదలై ఇనుప ఖనిజంలోకి వచ్చింది. దొర్లే బంతి దెబ్బ చాలాసార్లు ఖాళీగా పోతుంది. రోలర్ల మధ్య ఆ వృథా తక్కువ, పైగా రేణువుల్లో సన్న పగుళ్ళు ఏర్పడి తర్వాతి మిల్లుకు పని తగ్గుతుంది. గట్టి మాగ్నటైట్‌కు మంచిది. తడి, బంకమన్ను ఎక్కువగా ఉన్న ఖనిజానికి కష్టం. సన్నగా నూరడానికి నిలువు మిల్లులు, లోపల స్క్రూ తిరుగుతూ చిన్న బంతులను కలిపేవి. 45 మైక్రాన్ల కంటే కిందికి వెళ్ళాలంటే బాల్ మిల్లు కంటే ఇవి తక్కువ కరెంటుతో పని చేస్తాయి. కొత్త ప్లాంటు కడుతుంటే తప్పకుండా పరిశీలించండి. కానీ పాత సర్క్యూట్‌లో సైక్లోన్ అండర్‌ఫ్లో ఎప్పుడూ కొలవకుండా, ఫీడ్ ఆగి ఆగి వస్తుండగా, కొత్త యంత్రం కోసం అడగడం నాకు నచ్చదు. ఆ యంత్రానికి కూడా అదే అస్తవ్యస్తపు ఫీడ్ వెళుతుంది.

గనివారితో మాట్లాడతారా మీరు? ఎంతమంది? మాట్లాడాలి. ఈ వారం గనిలోని ఏ బెంచి (మెట్టు) నుంచి ఖనిజం వస్తుంది, గట్టిదా మెత్తదా, కలిపి పంపగలరా అని అడగండి. పేలుడు మందు కొంచెం ఎక్కువ పెట్టి రాయిని చిన్నగా పగలగొడితే క్రషర్‌కూ మిల్లుకూ పని తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త. రాయితోనే రాయిని నూరే ఆటోజీనస్ మిల్లులున్న చోట పెద్ద రాళ్ళే బంతుల పని చేస్తాయి. అక్కడ అన్నీ చిన్నగా పగలగొట్టి పంపితే మిల్లు ఆకలితో ఉంటుంది. మీ మిల్లు ఏదో గనివారికి తెలియాలి.

ఇక మీరు తిరిగి వెళ్ళి చేయవలసిన సర్వే గురించి. ఖనిజం ఒకే రకంగా ఉన్న రోజు చూసుకోండి. రెండు గంటలపాటు ఏ సెట్టింగూ మార్చకుండా నడపండి. ప్రతి పదిహేను నిమిషాలకు మిల్లు డిశ్చార్జి, సైక్లోన్ ఫీడ్, అండర్‌ఫ్లో, ఓవర్‌ఫ్లో నుంచి నమూనాలు తీసి ఎక్కడివక్కడ కలపండి. నమూనా తీసేటప్పుడు ప్రవాహం మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు కోయాలి. అంచు నుంచి గరిటెడు తీస్తే అది నమూనా అనిపించుకోదు. చివర్లో ఫీడ్ బెల్టునూ మిల్లునూ ఒక్కసారిగా ఆపి, బెల్టు మీద రెండు మీటర్ల మేర ఉన్న ఖనిజాన్ని పొడితో సహా ఊడ్చి తీయండి. అప్పుడే బంతులు కొలవండి, పూత చూడండి, లిఫ్టర్ల ఎత్తు రాయండి. ప్రతి నమూనాకూ జల్లెడ విశ్లేషణ చేయించండి. ప్రతి సైజు పొడిలోనూ ఇనుము శాతం విడివిడిగా తెప్పించండి. ల్యాబువాళ్ళు పని ఎక్కువంటారు, ఒప్పించండి. ఈ ఒక్కటి లేకపోతే సర్వే మొత్తం సగమే.

సర్వే ఫారాలు బయట బల్ల మీద పెట్టించాను, తలా ఒకటి తీసుకోండి. అంకెలు వచ్చాక అండర్‌ఫ్లో పట్టికతో సహా నాకు పంపండి, కలిసి కూర్చుని చూద్దాం. ఇప్పుడు ప్రశ్నలు. ఆపరేటర్లు ముందు అడగండి.